పుట్టెంట్రుకల నాటి పుకారు

వెంకీకి నాలుగు నిండి ఐదో ఏడు కూడా అయిపోవస్తోంది గానీ, ఊళ్లో సగం మంది ఇప్పటికీ వాణ్ణి ఆడపిల్లనే అనుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు. నడుం దాకా జుట్టు, రెండు జడలు, జడలకి ఎర్ర రిబ్బన్లు. బజారుకి తీసుకెళ్తే గాజులమ్మేవాడు వాడి చెయ్యి పట్టుకుని కొలత చూస్తాడు. "గుంటా, గుంటడా?" అని, అంటే ఆడపిల్లా మగపిల్లాడా అని, బస్సులో ఎవరైనా అడిగితే వెంకీ నోటితో జవాబు చెప్పడు. లాగు దించి చూపిస్తాడు. వాణ్ణి అలా పెంచినందుకు బస్సులో వాళ్లంతా వాళ్లమ్మ రాజకుమారి వైపు చూస్తారు.

అంత జుట్టు ఎందుకుందంటే, వాడి పుట్టెంట్రుకలు తీయించడానికి తండ్రికి తీరిక దొరకలేదు. తండ్రి త్రినాథ్ ఆర్మీలో నాయక్. ఎక్కడో జమ్మూ దాటాక, మ్యాపులో రాజకుమారి వేలు పెట్టి చూపించలేని చోట ఉంటాడు. పుట్టెంట్రుకలు తీసేటప్పుడు తండ్రి ఎదురుగా ఉండి తీరాలని అత్త అసిరమ్మ శ్రీముఖలింగం దేవుడికి మొక్కేసింది. కోడల్ని అడిగి మొక్కలేదు. కొడుకు పై ఆఫీసర్ని అసలే అడగలేదు.

ఆ ఇంట్లో సెలవు అని ఎవరూ అనరు, పటాలంలో అన్నట్టే చుట్టీ అంటారు. చుట్టీ అంటే వాళ్లకి ముక్కోటి దేవతల కన్నా ఎక్కువ. అత్త కంట్లో శుక్లాలు చుట్టీకే ఆపరేషన్. పడిపోయిన పెరటి గోడ లేచేది చుట్టీకే. మంచం కోడు ఒకటి విరిగితే కింద ఇటుకలు పెట్టి, అది కూడా వాడొచ్చాకే అంది అసిరమ్మ. తీరా త్రినాథ్ వచ్చిన నెల రోజులూ సుత్తీ తాపీ పట్టుకుని తిరిగి, బోర్డరే నయం అనుకుంటూ రైలెక్కేవాడు. అలా అన్నీ కొంచెం కొంచెం జరిగిపోయాయి గానీ పుట్టెంట్రుకలు మాత్రం జరగలేదు. మొదటి ఏడు చుట్టీ దొరికింది, దాయాదుల ఇంట్లో ఎవరో పురుడు పోసుకుని మైల వచ్చింది. మూడో ఏడు టిక్కెట్టు కూడా తీశాక వరదల డ్యూటీ పడింది. ఐదో ఏడు సరిహద్దు వేడెక్కి చుట్టీలన్నీ ఆపేశారు. రెండూ నాలుగూ సరిసంఖ్యలు కాబట్టి పనికిరావు. ఈ నెల దాటితే ఇక ఏడో ఏడు దాకా ఆగాలి.

"ఏడో ఏడు దాకా ఆగితే ఆడికి ఓణీ కూడా ఏద్దాం అత్తా" అంది రాజకుమారి.

రాజకుమారిది రాజాం. ఇంటర్ చదివింది, నోరు మాత్రం డిగ్రీ దాకా చదివిందని అత్త అంటుంది. మొగుడు సరిహద్దు కాస్తుంటే ఇంటిని తను కాస్తున్నానని, తనకు మాత్రం పరమవీర చక్ర కాదు కదా పావలా కాసు కూడా ఎవరూ ఇవ్వరని ఆమె వాదన. ఇస్తే బాగుండుననే ఆమెకు నిజంగా అనిపించేది.

ఇంతకీ మొక్కును కదిపింది కోడలు కాదు, పేలు. వేసవిలో వెంకీ తలంతా సెగగడ్డలు లేచాయి. గడ్డల మధ్య పేలు కాపురం పెట్టాయి. వాడు పడుకునేది నానమ్మ పక్కన. ఒక వారానికి పేలు అసిరమ్మ తలకి కూడా ఎక్కాయి. అంతవరకూ కొండలా కదలని మొక్కు ఆ వారంలోనే కదిలింది.

"దేవుడికి తెలీదేటి మన బాదలు" అంటూ పేలు దువ్వే ఈరుబాణ చేతపట్టుకుని ఆవిడే ముందు ఊ అంది.

ముఖలింగం పూజారి గారు కూడా మంచివారు. తండ్రి రాలేకపోతే ఆయన బట్టో వస్తువో ఎదురుగా పెట్టుకుని మనసులో తలుచుకోండి, రాములవారు బంగారు సీతను పెట్టుకుని యాగం చెయ్యలేదా అన్నారు. బంగారు త్రినాథుడు వీళ్ల తాహతుకి మించిన మాట. అందుకని బీరువాలోంచి ఒక పాత యూనిఫాం చొక్కా, ముందుగది గోడ మీది ఫొటో దించారు.

సోమవారం పొద్దున్నే రాజకుమారి తమ్ముడు కొండబాబు రాజాం నుంచి తన ఆటోతో దిగాడు. మొదటి మూడు కత్తెర్లు వెయ్యాల్సిన మేనమామ అతనే. సుఖంగా ముఖలింగం చేరారు. వంశధార ఒడ్డున టీ కొట్టువాణ్ణి అడిగి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని వీపుకి చొక్కా తొడిగి, సీటు మీద ఫొటో ఆనించారు. చూడ్డానికి త్రినాథే కొంచెం బక్కచిక్కి కూర్చున్నట్టు ఉంది.

వెంకీని పట్టుకోవడం ఒక యుద్ధం. కొండబాబు మూడు కుచ్చులు కత్తిరించగానే వాడి గొంతు వంశధార అవతలి ఒడ్డుకి కూడా వినబడింది. కత్తి పట్టిన పెద్దాయన ఇలాంటివి వెయ్యి చూశానన్నట్టు తల వంచమన్నాడు. రాజకుమారి వాడి కాళ్లు తన కాళ్ల మధ్య బిగించి, రెండు చేతులూ పట్టుకుని, "అయిపోనాది నాన్నా, అయిపోనాది" అంటూ అబద్ధాలాడుతోంది. ఆమె చూపంతా కత్తి అంచు మీదే ఉంది.

ఆ హడావిడిలో అసిరమ్మ ఏం చేస్తోందో ఆమె చూడలేదు. దేవుడికి తెచ్చిన బంతిపూల దండ అసిరమ్మ చేతిలో ఉంది. కింద పెడదామంటే ఇసక తడి. పక్కనే ఒక మేక దండనే చూస్తూ నిలబడింది. అందుకని ఆవిడ ఆ దండని ఎత్తుగా ఉన్న చోట, అంటే ఫొటో ఫ్రేముకి తగిలించింది. తగిలించాక కొడుకు మొహం చూసి, వాడిక్కడ లేకపోయెనే అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలెట్టింది. ఆవిడ ఎవరి పెళ్లిలోనైనా ఇలాగే ఏడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కొండబాబుకి సెల్‌ఫోన్ లేని చెయ్యి ఉండదు. గుండు పూర్తయ్యాక ఒక ఫొటో తీశాడు. అందులో గుండుతో వెంకీ, తల వంచుకున్న రాజకుమారి, ఏడుస్తున్న అసిరమ్మ, మధ్యలో కుర్చీ, కుర్చీ మీద యూనిఫాం, దండ వేసిన త్రినాథ్, వెనకాల నది ఉన్నాయి. దేవుడి సన్నిధి కదా అని కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. బావ ఆర్మీ కదా అని జాతీయ జెండా బొమ్మ పెట్టాడు. వాట్సాప్ స్టేటస్‌లో వేసేశాడు. వేసి, మేనల్లుడి ఏడుపు ఆపడానికి ఆ ఫోన్ వాడి చేతిలోనే పెట్టి కార్టూన్లు పెట్టాడు.

దర్శనం అయ్యింది, భోజనం అయ్యింది, తిరుగు ప్రయాణం మొదలయ్యింది. రాజకుమారి తన ఫోన్ ఇంట్లోనే మర్చిపోయింది, కొండబాబు ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా కార్టూన్ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా వెంకీ ఎర్ర బొత్తాం నొక్కేస్తున్నాడు. వాడికి ఆ పని రెండేళ్ల వయసు నుంచీ వచ్చు.

మధ్యాహ్నం ఆటో ఊళ్లోకి తిరిగేసరికి తమ వీధి మొగలో శామియానా లేస్తోంది. ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు.

"అయ్యో, పక్కింటి తాత పోనట్టున్నాడు. నిన్న కూడా నాతో మాటాడినాడు" అంది రాజకుమారి.

పక్కింటి తాత కర్ర పట్టుకుని శామియానా కింద ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. తాత తల మీదుగా, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆమె మొగుడున్నాడు. వెనకాల జెండా, చుట్టూ మంటలు, పైన 'అమర జవాన్ త్రినాథ్‌కు కన్నీటి నివాళి'. కింద చేతులు జోడించి, నల్ల కళ్లద్దాలతో, త్రినాథ్ కన్నా జానెడు పెద్దగా ఉమాశంకర్ ఉన్నాడు. ఉమాశంకర్ ఊరి యువజన సంఘం అధ్యక్షుడు. పెళ్లి ఫ్లెక్సీకి వారం తిప్పే షాపు వాడు దీన్ని రెండు గంటల్లో అచ్చేసి ఇచ్చాడంటే దేశభక్తి ఎంత వేగంగా పని చేస్తుందో చూడండి.

రాజకుమారి ఆటో దిగింది. ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తారు. ఆమెకు ముందు వచ్చింది కోపం.

"ఒరే ఉమాశంకరూ, ఏటిరా ఇది? ఎవుడు సెప్పినాడు నీకు?"

ఉమాశంకర్ నల్ల కళ్లద్దాలు తీశాడు. నిజానికి అతని కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. అతనూ త్రినాథూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. "వదినా, నువ్వు ముందు కూకో" అన్నాడు. తర్వాత పక్కవాడితో గొంతు తగ్గించి, "పాపం, ఇంకా తెలీనట్టున్నాది" అన్నాడు.

"ఏటి తెలీదు నాకు?"

"రాజాం నుంచి ఒక రిటైర్డు సుబేదారు గారు కన్ఫర్మ్ సేసినారు వదినా."

"ఆయనకెవరు సెప్పినారు?"

ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. సుబేదారుకి ఆయన బావమరిది చెప్పాడు. బావమరిదికి ఎవరో గ్రూపులో పెట్టారు. గ్రూపులో పెట్టినవాడు రాజాం ఆటో స్టాండులో ఒకరి స్టేటస్ చూశాడు. అక్కడికి వచ్చేసరికి కొండబాబు వెంకీ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. తన స్టేటస్ తనే చూసుకున్నాడు. ఆ దండ అతనికి అప్పుడు కనబడింది.

"అప్పా, నానే" అన్నాడు అక్క వైపు తిరిగి.

రాజకుమారి ఆ ఫోన్ అందుకుని, దండ సంగతి అత్తని అడిగి, అందరికీ చూపించింది. ఇదీ సంగతి, పుట్టెంట్రుకలు తీయించాం, దండ మేక తినేస్తాదని తగిలించినాం, మా ఆయన బతికే ఉన్నాడు, ఇళ్లకెళ్లండి అని చెప్పింది. ఎవరూ లేవలేదు. ఒకసారి కుర్చీలో కూర్చున్న జనాన్ని లేపడం అంత తేలిక కాదు. పైగా ఏడ్చేసిన వాళ్లకి ఆ ఏడుపు వృథా అయిందంటే మనసు ఒప్పదు.

అప్పుడు పక్కింటి తాత, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే, అడిగాడు. "మరైతే ఆడి ఫోనెందుకు కలవట్లేదమ్మా? పొద్దున్నుంచీ అందరం సేస్తన్నాం."

కలవదు. వారం క్రితమే చెప్పాడు, పైనున్న పోస్టుకి వెళ్తున్నాను, సిగ్నలు ఉండదు, కంగారు పడకు అని. ఇలాంటివి ఆమెకు పెళ్లినాటి నుంచీ మామూలే. వారం పది రోజులు కలవకపోతే తిట్టుకుంటూ ఇంటి పని చేసుకుంటుంది. అయినా ఇంట్లోకెళ్లి తన ఫోన్ తెచ్చి నొక్కింది. హిందీ ఆవిడ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. రోజూ వినే ఆ గొంతు ఇవాళ ఏదో దాస్తున్నట్టు అనిపించింది.

పుకారు ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. ఏ కుర్చీ మీద, ఏ దండతో, ఎవరి వేలితో పుట్టిందో తెలుసు. అయినా అంతమంది తన వైపు అలా చూస్తుంటే, అది వట్టిదే అయినా ఇవాళే నిజం కూడా అయి ఉండకూడదా అన్న ఆలోచన ఒకటి తలలో దూరింది. దూరినది ఇక బయటికి రాలేదు. భయం వేసింది. ఇంత భయం ఆమెకు ఎప్పుడూ వెయ్యలేదు.

యూనిట్ వాళ్లు ఇంటివాళ్ల కోసం ఇచ్చిన నంబరొకటి ఉంది. దానికి చేసి, తనకొచ్చిన హిందీలో, నాయక్ త్రినాథ్ భార్యని, ఆయన బాగున్నాడా అని అడిగింది. అవతల కుర్రాడు ఎవరో మర్యాదగానే, కనుక్కుని చెబుతాం మేడమ్ అన్నాడు. లేదు మేడమ్, ఏమీ జరగలేదు అనలేదు. వాళ్లు ఎవరికైనా అలాగే చెబుతారు. అది కూడా ఆమెకు తెలుసు. తెలిసినా వెళ్లి అరుగు అంచు పట్టుకుంది.

కోడలి మొహంలో ఆ మార్పు అసిరమ్మ ఒక్కతే చూసింది. అంతవరకూ ఊరివాళ్లని తిడుతున్న మనిషి అక్కడే చతికిలబడి గుండెలు బాదుకుంది. "నా సేత్తోనే ఏసినానే దండ. నా కొడుక్కి నా సేత్తోనే ఏసినానే. మొక్కు తప్పినానే."

"ఊరుకో అత్తా. దండేస్తే మనుసులు పోతే ఉమాశంకరు ఎలక్షన్లలో ఎన్ని దండలేయించుకున్నాడు, ఆడికేటైనా అయిందేటి?" అంది రాజకుమారి. అంది గానీ తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

వీధి చివరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మెల్లగా దగ్గరికి జరిగి, ఓదార్పుగానే, రాజకుమారి చేతి గాజులు తడిమింది.

"నా గాజుల మీద సెయ్యేస్తే ఆ సెయ్యి ఇరిగిపోద్ది పిన్నీ" అంది రాజకుమారి. గట్టిగా అనలేదు. పెద్దావిడ ఆమె కళ్లలోకి చూసి వెనక్కి వెళ్లిపోయింది.

ఇంతలో వెంకీ శామియానా కింద రాజ్యమేలుతున్నాడు. గుండు మీద అందరూ చెయ్యి వేసి నిమురుతున్నారు. ఒకరు బిస్కెట్లిచ్చారు, ఒకరు కూల్‌డ్రింకు ఇచ్చారు. మొదటిసారిగా వాణ్ణి ఎవరూ గుంట అనడం లేదు. ఒకావిడ వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, "మీ నాన్న దేవుడి దగ్గరికి ఎల్లిపోనాడు నాన్నా" అని ఏడిచింది.

"మేము కూడా పొద్దున్న ఎల్లినాం. ఆటోలో" అన్నాడు వెంకీ, బిస్కెట్ నములుతూ.

రాజకుమారి వెళ్లి వాణ్ణి ఆవిడ ఒళ్లోంచి లాక్కుని చంకనేసుకుంది. బరువు పెరిగాడు. ఇంత పెద్దాణ్ణి ఎత్తుకోవడం మానేసి చాలా రోజులయింది. చందనం రాసిన గుండు చల్లగా ఆమె మెడకి తగిలింది. వీడికి ఏం చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు. శామియానా కింద అందరూ అటే తిరిగారు. వెంకీ అలవాటు ప్రకారం ఎర్ర బొత్తాం మీదికి వేలు చాచాడు. ఆమె వాడి చేతి మీద ఒక్కటి వేసి ఫోన్ ఎత్తింది.

"ఒసే కుమారీ, నాను సచ్చిపోనానంటేటే?"

ఆమె స్పీకర్ నొక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"ఉన్నావేటే? పై పోస్టు నుంచి ఇప్పుడే దిగినాను. ఫోన్ తెరిస్తే మన పదో తరగతి గ్రూపులో నాకు దండలే దండలు. నా ఆత్మకి శాంతి కలగాలని నాకే పంపినారే ఎదవలు. అవి సూస్తుండగానే చార్జింగు అయిపోనాది. ఇది మా వోడి ఫోన్. అమ్మ ఎలగున్నాది? ఆ ఉమాశంకరుగాడు దగ్గర్లో ఉన్నాడేటి? ఆడి బొమ్మ నా బొమ్మకన్నా పెద్దదెందుకేసినాడో అడుగు."

ముందు పక్కింటి తాత నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. అసిరమ్మ నవ్వుతూ ఏడుస్తూ కోడలి కాళ్లు పట్టుకుంది. ఉమాశంకర్ కళ్లు తుడుచుకుని భారత్ మాతాకీ జై అన్నాడు, ఎందుకో తెలియకుండానే అందరూ జై అన్నారు. జై అంటూనే అతను పక్కకెళ్లి, శ్రీకాకుళం నుంచి దండతో బయల్దేరిన నాయకుడికి వెనక్కి తిరగమని ఫోన్ చేసుకున్నాడు. శామియానావాడు తాళ్లు విప్పడం మొదలెట్టాడు. కొందరు మెల్లగా లేచారు. ఒకరిద్దరి మొహాల్లో చిన్న నిరాశ కూడా ఉందంటే అది పాపం వాళ్ల తప్పు కాదు.

"ఆణ్ణి ఇయ్యి. గుండోణ్ణి" అన్నాడు త్రినాథ్.

రాజకుమారి స్పీకర్ తీసేసి, వెంకీని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టింది. తన చెవి కూడా దగ్గరే పెట్టింది.

"నాన్నా, నువ్వు సచ్చిపోనావంట కదా" అన్నాడు వెంకీ.

"లేదురా. బాగున్నాను. సూడు, మాటాడతన్నాను కదా."

వాడు పొద్దున్నుంచీ విన్నవన్నీ బుర్రలో కూడుకుంటున్నాడు.

"నాన్నా, సచ్చిపోతే సుట్టీ ఇస్తారా?"

అవతల నుంచి ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వచ్చింది, తర్వాత ఆపుకోలేని చప్పుడు వచ్చింది. ఆ మనిషి ఏడవడం ఆమె ఎప్పుడూ వినలేదు. పెళ్లప్పుడు గానీ, తండ్రి పోయినప్పుడు గానీ వినలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు అప్పుడు కారడం మొదలయింది. మధ్యాహ్నం నుంచీ ఊరంతా ఎదురుచూసినా రానివి ఇప్పుడు ఆపినా ఆగలేదు.

ఆమె ఫోన్ కొడుకు చెవి దగ్గర నుంచి తీసుకుంది.

"ఏడవకు మావా" అంది. "నీకోసం ఏడవడానికి ఇక్కడ ఊరంతా ఉన్నాది. నువ్వు బువ్వ తిన్నావా లేదా, అది సెప్పు."